నూరో గీత

పంపింది తనే. నిన్న పొద్దుటి నుంచి ఈ మాట అమృతమ్మ లోపల వేరెవరో పలుకుతున్నట్టు వినిపిస్తూనే ఉంది.

సిద్దిపేటలోకి ప్లేగు రాకుండా సర్కారు ఊరి బాటల మీద మనుషులను ఆపి చూసే నాకాలు పెట్టింది. లోపలికి వచ్చే ప్రతి మనిషికీ జ్వరం చూడాలి. థర్మామీటరులో పాదరసం నూరో గీత దాటితే ఆ మనిషి ఊళ్ళోకి రాకూడదు, వర్గల్ బాట పక్కన రాళ్ళ నేల మీద వేసిన గుడిసెలకు పోవాలి. నంగునూరు బాట నాకాలో ఆ పని మిషను నర్సు అమృతమ్మది. నిన్న ఆమె కూలివాడు పోశయ్య కూతురు బాలమణి నోట్లో థర్మామీటరు పెడితే అది నూరు మీద రెండు గీతలు చూపించింది. పిల్లను ఎడ్లబండి ఎక్కించారు. బండి కదులుతుండగా పోశయ్య కూతురి మణికట్టు పట్టుకుని చూపించాడు. దాని మీద నీలి సిరా ముద్ర ఉంది. అదే పొద్దున తండ్రీకూతుళ్ళు జగదేవ్‌పూర్ నుంచి వస్తూ నేతవాడ నాకా దాటినప్పుడు, జ్వరం లేదని అక్కడి కాంపౌండరు మైసయ్య వేసిన ముద్ర అది. కట్టెల కోసం ఊరు దాటి ఇటు వచ్చి, మళ్ళీ లోపలికి పోబోతూ వాళ్ళు అమృతమ్మ నాకా దగ్గర ఆగారు. ఒకే పిల్ల, ఒకే పొద్దు. అక్కడ జ్వరం లేదు, ఇక్కడ ఉంది.

గుడిసెలకు పోయినవాళ్ళు ఒక రోజు ముందు వరసలో ఉంటారు. మర్నాడు పొద్దు గూకేలోగా విడిచిపెట్టమని డాక్టరు చెప్పకపోతే లోపలి వరసకు మారుస్తారు. లోపలి వరసలో రోగం తేలినవాళ్ళు ఉంటారు. అక్కడి నుంచి నడిచి వచ్చినవాళ్ళను అమృతమ్మ ఇంతవరకు చూడలేదు.

ఇవాళ మధ్యాహ్నం డాక్టరు నేతవాడ నాకాకు వస్తాడని తెలిసి, అమృతమ్మ తన థర్మామీటరును దూదిలో చుట్టి రేకు డబ్బాలో పెట్టుకుని బయల్దేరింది. వెనకాల కొంచెం దూరంగా పోశయ్య నడుస్తున్నాడు. రమ్మని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు.

నడుస్తూ తన మనసులో ఏముందో పట్టుకోవాలని చూసింది. తన గాజుపుల్ల తప్పని తేలితే బాలమణి బయటికి వస్తుంది. అట్లాగే తేలాలని కోరుకుంది. కోరుకున్న మరుక్షణం అదే తేలకూడదని కూడా కోరుకుంది. ఎందుకంటే తను పంపింది బాలమణి ఒక్కదాన్నే కాదు. ఆ మొహాలు ఆమెకు వరసగా గుర్తు రాలేదు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి. ప్రతిసారీ గాజుపుల్లను వెలుగుకు ఎత్తి చూసి అంకె చెప్పేటప్పుడు తనకొక నెమ్మది కలిగేది. నిర్ణయం తనది కాదు, పాదరసానిది అనే నెమ్మది. ఆ నెమ్మదినే తను ఇన్నాళ్ళూ జాలి అనుకుంది.

నేతవాడ నాకా అంటే పెద్దయ్య ఇంటి ముందరి మగ్గం కొట్టం. నూలు దొరక్క మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. మగ్గం గుంట మీద పలక వేసి, దాని మీద మైసయ్య తన కార్బాలిక్ నీళ్ళ సీసా, థర్మామీటరు, సిరా ముద్ర పెట్టుకున్నాడు. ఇల్లుగలాయన పెద్దయ్య ఒక మూల కూర్చుని వచ్చిపోయేవాళ్ళను పలకరిస్తుంటాడు. అమృతమ్మను చూడగానే ఆయన కాళ్ళు కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. పోశయ్య కొట్టంలోకి రాలేదు, చూరు నీడ అంచున నిలబడ్డాడు.

అమృతమ్మ విషయం చెబితే మైసయ్య నొచ్చుకున్నాడు. ఆయన జాగ్రత్తగల మనిషి. తన గాజుపుల్లను ఎవరి చేతికీ ఇవ్వడు, ప్రతి మనిషికీ ముందూ వెనకా కడుగుతాడు. పాదరసం పూర్తిగా దింపకుండా ఎవరికీ పెట్టనని చెప్పాడు. తనూ అంతేనని అమృతమ్మ చెప్పింది.

పెద్దయ్య ఊరుకోలేదు. "నర్సమ్మా, నీ గాజుపుల్ల ఊరందరి ఎంగిలి తాగి బలిసింది. గందుకే ఎక్కువ చూపిస్తది" అన్నాడు.

మైసయ్య నవ్వు ఆపుకోవడానికి సీసా మూత బిగించాడు. అమృతమ్మకు కోపం రాలేదు. నంగునూరు వైపు నుంచి వచ్చే నేతపనివాళ్ళు తన నాకా కనబడగానే బాట దిగి, చేలల్లోంచి చుట్టు తిరిగి ఇక్కడికి వస్తారని ఆమెకు తెలుసు. క్రైస్తవురాలి చేయి తగలడం ఇష్టం లేక అనుకుంది. అలవాటైన నొప్పి కాబట్టి దాని గురించి ఆపైన ఆలోచించలేదు.

డాక్టరు గుర్రం దిగి వచ్చాడు. పట్నం మనిషి, ఎండకు మొహం కందిపోయి ఉంది. రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్నవాడిలా మాట మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. విషయమంతా విని, యుద్ధం వచ్చినప్పటి నుంచి మంచి థర్మామీటర్లు దొరకడం లేదని, రెండిట్లో ఏదో ఒకటి చెడిపోయి ఉంటుందని, తేల్చడం తేలికేనని అన్నాడు. పెద్దయ్య ఇంట్లోంచి ఇత్తడి గిన్నెలో వేడినీళ్ళు తెప్పించి, చన్నీళ్ళు కలిపి, మణికట్టుతో చూసుకుని, రెండు గాజుపుల్లలనూ పక్కపక్కనే ఆ నీళ్ళలో ఉంచాడు.

నలుగురూ గిన్నె మీదికి వంగారు. పోశయ్య కూడా తెలియకుండానే ఒక అడుగు లోపలికి వేశాడు. పెద్దయ్య చూసి ఏమీ అనలేదు.

డాక్టరు రెండిటినీ ఒకేసారి పైకి తీసి వెలుగుకు పట్టాడు. రెండిట్లోనూ పాదరసం ఒక్కచోటే ఆగి ఉంది. నమ్మకం కుదరక నీళ్ళు మార్చి మళ్ళీ చూశాడు. ఈసారి అంకె మారింది కానీ రెండిట్లోనూ ఒకేలా మారింది.

"చూసినవా అక్కా. నా దాంట్ల తప్పు లేదు, నీ దాంట్ల లేదు" అన్నాడు మైసయ్య. ఆయన మొహంలో గెలుపు లేదు. బరువు దించుకున్నట్టు ఉంది, అంతే.

అమృతమ్మకూ అలాగే అనిపించింది. తన గాజుపుల్ల నిజమే చెప్పింది. లోపల ఏదో వదులైంది. అప్పుడే పోశయ్య మొహం కనిపించి, తను దేనికి సంతోషిస్తున్నదో తెలిసి చూపు తిప్పుకుంది.

డాక్టరు పోశయ్యకు చెప్పాడు. జ్వరం కదా, పొద్దున లేనిది ఎండ ఎక్కే వేళకు రావచ్చు. పిల్లకు ఆ కాస్త సమయంలోనే పెరిగి ఉంటుంది. ఇద్దరూ సరిగ్గానే చూశారు.

పోశయ్య గుర్రం వైపు చూస్తూ, తనకూ జ్వరం ఉంటే తననూ గుడిసెలకు పంపమని, బిడ్డ పక్కన ఉంటానని అడిగాడు. డాక్టరుకు ఆ మాట ఇబ్బందిగా తోచింది. ఇతనికి కూడా చూడండి, తృప్తి పడతాడు అని ఇద్దరికీ కలిపి చెప్పి, చేతులు కడుక్కోవడానికి పక్కకు తిరిగాడు.

మైసయ్య పోశయ్య కుడిచేయి పట్టి పైకి లేపాడు. అదే సమయానికి ఎదురుగా అమృతమ్మ, "నోరు తెరువు పోశయ్యా" అంది.

ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

పోశయ్య చేయి పైకెత్తి, నోరు తెరిచి, ఏం చేయాలో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నోట్లెనా" అన్నాడు మైసయ్య. "అందరికి నోట్లెనే పెడుతున్నవా?"

"మరి నువ్వు?"

"సంకల."

డాక్టరు తడి చేతులతో వెనక్కి తిరిగాడు. ఇద్దరి చేతుల్లోని గాజుపుల్లలను చూశాడు. తర్వాత ఆయన చాలా నెమ్మదిగా, రెండూ పెట్టండి, ఇతనికే, ఇప్పుడే, అన్నాడు.

కొట్టం మధ్యలో పోశయ్య నిలబడ్డాడు. చంకలో మైసయ్య గాజుపుల్ల, నాలుక కింద అమృతమ్మ గాజుపుల్ల. జారిపోతాయేమోనని ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటున్నాడు. అతని కళ్ళు మాత్రం అమృతమ్మ మొహం మీదే ఉన్నాయి. చాలా దగ్గరి నుంచి ఒక మనిషి తనను అంతసేపు చూస్తున్నాడని ఆమె గమనించడం ఈ నాకా పనిలో ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఆమె గాజును చూసింది, వాళ్ళు ఆమెను చూశారు.

తీసి చూశారు. నోట్లోది చంకలోదానికంటే ఒక డిగ్రీ పైన ఉంది. ఒకే ఒంట్లో, ఒకే సమయంలో.

మైసయ్య పలక మీద కూర్చున్నాడు. ఎవరూ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిరోజు తనూ నోట్లోనే పెట్టబోయాడు. ఇంకొకరి నోట్లో పెట్టినది మా నోట్లో పెడతావా అని నేతవాడ మొత్తం తిరగబడింది. ఎంత కడిగినా ఎంగిలి ఎంగిలే అన్నారు. రెండు రోజులు ఒక్క మనిషి కూడా నాకాకు రాలేదు, గోడలు దూకి పోయారు. చంకలో పెడతానంటే వచ్చారు.

"నోట్ల అంటె ఒక్కడు చూపియ్యడు సాబ్. దాసుకుంటరు. సంకల పెడితెనే గిందరు వచ్చిన్రు. నేను మంచికే చేసిన."

మంచికే చేశాడని అమృతమ్మకు తెలుసు. తన నాకాలో అట్లాంటి గొడవ ఎందుకు రాలేదో కూడా ఆమెకు ఇప్పుడు తెలిసింది. తన దగ్గరికి వచ్చేది కూలివాళ్ళు, జీతగాళ్ళు, ఊరి చివరి క్రైస్తవ వాడ మనుషులు. నోరు తెరవమంటే తెరిచారు. ఎవరి నోట్లోది తమ నోట్లోకి వస్తున్నదని వాళ్ళు అడగలేదు. అడిగే అలవాటు వాళ్ళకు ఎవరూ ఉంచలేదు. నోట్లో పెట్టడమే సరైన పద్ధతి అని మిషను దవాఖానలో తనకు నేర్పారు కాబట్టి, తనకు తప్పు తోచలేదు. సరైన పద్ధతిలో కొలిచి వాళ్ళను పంపింది. అటు అదే జ్వరం ఉన్నవాళ్ళు ఒక డిగ్రీ కిందికి దిగి, మణికట్టు మీద నీలి ముద్రతో ఊళ్ళోకి పోయారు.

పట్నం నుంచి వచ్చిన హుకుంలో నూరు అని మాత్రమే ఉందని డాక్టరు చెప్పాడు. ఎక్కడ పెట్టి చూడాలో లేదు. ఎవరికీ రాయాలని తోచలేదు. ఆయన తనకు తానే లెక్క చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. నూరు అంటే నోట్లో నూరు అయితే, మైసయ్య ముద్ర వేసినవాళ్ళలో ఎంతోమంది జ్వరంతో ఊళ్ళో ఉన్నారు. చంకలో నూరు అయితే, గుడిసెల్లో ఎంతోమంది అక్కడ ఉండాల్సినవాళ్ళు కాదు.

ఈ మాట పూర్తి కాకముందే మూలలో పెద్దయ్య లేచాడు. ఆయన కోడలు అనసూర్య ఈ వారంలోనే పుట్టింటి నుంచి ఇదే నాకాలో ముద్ర వేయించుకుని వచ్చింది. వచ్చిన రోజు నుంచి బాట అలసట అని లోపల పడుకునే ఉందని ఇందాక వేడినీళ్ళు తెచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. ఇప్పుడు ఎవరితోనూ ఏమీ అనకుండా, గోడ పట్టుకుని, ఇంట్లోకి పోయాడు. లోపలి గడియ పడిన చప్పుడు వినిపించింది.

డాక్టరు ఆ తలుపు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. రేపటి నుంచి రెండు నాకాల్లోనూ చంకలోనే పెట్టాలని, వచ్చిన అంకెకు ఒకటి కలపాలని చెప్పాడు. ఇవాళ్టి సంగతి ఈ కొట్టం దాటకూడదన్నాడు. నాకాల మీద నమ్మకం పోతే మనుషులు రోగాన్ని ఇళ్ళల్లో పూడ్చిపెట్టుకుంటారు.

అమృతమ్మ, పంపినవాళ్ళ సంగతేమిటని అడిగింది.

"పంపినోళ్ళు ఇప్పుడు రోగమున్నోళ్ళ పక్కన పండుకున్నరు కద సిస్టర్. వచ్చినప్పుడు రోగం లేకున్నా, ఇప్పుడు లేదని ఎట్ల చెప్తం?"

ఆయన క్రూరంగా అనలేదు. నిజమే అన్నాడు. అంతకంటే భయంకరమైనది అమృతమ్మకు ఏమీ కనిపించలేదు. తప్పు జరిగిందని తేలింది, తప్పు ఎట్లా జరిగిందో కూడా తేలింది, అయినా దానివల్ల ఒక్క మనిషి కూడా బయటికి రాడు. తెలుసుకోవడం అనే పని ఇంత వట్టిదా అనుకుంది. గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి.

పోశయ్య ఇందాకటి నుంచి వింటున్నాడు. అతనికి డిగ్రీలు తెలియవు. కానీ రెండు జాగలు ఉన్నాయని, ఒక జాగలో పెడితే ఇంటికి పోతారని, ఇంకో జాగలో పెడితే గుడిసెలకు పోతారని అతనికి తెలిసింది. రెండడుగులు ముందుకు వేసి డాక్టరు ముందు నిలబడ్డాడు.

"సాబ్, రేపటి లెక్క నాకు వద్దు. నిన్న నేతోళ్ళ పిల్లలకు ఏ జాగల పెట్టి చూసిన్రో, నా బిడ్డకు గాడనే పెట్టి చూడున్రి. వాళ్ళకు ఏ అంకెకు ఇంటికి పొమ్మన్నరో, గా అంకెకే పొమ్మనున్రి. ఎక్కువ అడుగుతలేను."

మైసయ్య తల వంచుకున్నాడు. డాక్టరు అమృతమ్మ వైపు తిరిగి, పొద్దు గూకకముందే నువ్వే పోయి ఒకసారి చంకలో పెట్టి చూడు, నూరు లోపల ఉంటే తీసుకుపోనివ్వు, నేను చెప్పానని చెప్పు, అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగినా ఎవరి బాధ్యతో ఆయన చెప్పలేదు. గుర్రమెక్కాడు.

గుడిసెల దారి పొడుగునా పోశయ్య ఆమెకు ముందు నడిచాడు. ఇందాకటి మనిషేనా అనిపించేంత వేగంగా నడిచాడు. అమృతమ్మ లెక్క వేసుకోకుండా ఉండలేకపోయింది. నోట్లో నూరు మీద రెండు గీతలు. చంకలో అయితే తొంభై తొమ్మిది దాటి కొంచెం. వదిలేయొచ్చు. జ్వరం ఉన్న పిల్లను, ఉన్నదని తెలిసి, లేదనే అంకెతో ఊళ్ళోకి వదిలేయొచ్చు. ఇందులో న్యాయం ఉందా అని ఆలోచించింది. ఉంది. మైసయ్య నాకాలో తెలియక జరిగినదాన్ని తను తెలిసి చేస్తుంది, అంతే తేడా. కానీ తెలిసి చేస్తున్నప్పుడు ఆ పాత నెమ్మది రాదు. పాదరసం వెనక దాక్కోవడానికి ఈసారి జాగా లేదు. అయినా చేయాలనే ఉంది. ఆ కోరిక జాలి నుంచి వచ్చిందో, ఆ పిల్ల తండ్రి చూపు నుంచి తప్పించుకోవాలనే ఆత్రం నుంచి వచ్చిందో ఆమె తేల్చుకోలేకపోయింది.

గుడిసెల చుట్టూ గుంజలు పాతి తాడు కట్టారు. కాపలావాడికి డాక్టరు మాట చెప్పి అమృతమ్మ తాడు కిందినుంచి లోపలికి వంగి పోయింది. పోశయ్యను ఆపేశారు. అతను తాడును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. లోపలి వరస నుంచి ఎవరో దగ్గుతున్నారు. సున్నం వాసన వచ్చింది. ఈ క్యాంపులో ఆడవాళ్ళ ఒళ్ళు చూడటానికి ఆడమనిషి లేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. వచ్చిన ఆడవాళ్ళను పూర్తిగా తెలివి తప్పేదాకా ఎవరూ ముట్టి చూడరు.

ముందు వరసలో చివరి గుడిసె ముందు బాలమణి గోనెపట్టా మీద కూర్చుని ఉంది. పదేళ్ళుంటాయి. తండ్రిని చూసి లేవబోయి, కూర్చుంది. అమృతమ్మ డబ్బా తెరిచేసరికి ఏమీ చెప్పకముందే నోరు తెరిచింది.

"నోరు మూసుకో బిడ్డా. ఇయ్యాల సంకల పెడ్త. చెయ్యి లేపు."

బాలమణి నోరు మూసుకుంది. కుడిచేయి మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు. మోచేయి పక్కటెముకలకు తగలకుండా, కొంచెం ఎడంగా, ఏదో పగిలేదాన్ని దాచుకున్నట్టు పట్టుకుని ఉంది.

"లేపు బిడ్డా."

"గీ చెయ్యి లేవది నర్సమ్మా. రాత్రి సంది సంక నొస్తున్నది."

అమృతమ్మ పిల్లకు అడ్డంగా వంగి, తన వీపు తాడు వైపుకు పెట్టి, రవిక అంచు కింద రెండు వేళ్ళు పోనిచ్చింది. వేళ్ళకు గడ్డ తగిలింది. రేగుపండంత ఉంది, గట్టిగా, చుట్టూ చర్మం కాలుతూ. బాలమణి పెదవి కొరుక్కుంది కానీ ఏడవలేదు.

తన గాజుపుల్ల నిన్న నిజమే చెప్పింది. అంటే నేతవాడ కొట్టంలో ఇన్నాళ్ళూ వేసిన నీలి ముద్రలు ఎన్నో ఇప్పుడు ఊళ్ళో, ఇళ్ళల్లో, గడియలు పెట్టుకుని పడుకుని ఉన్నాయి.

"ఎంతున్నది నర్సమ్మా?" తాడు దగ్గరి నుంచి పోశయ్య అడిగాడు. నూరు లోపలేనా అని అడిగాడు. అతని గొంతులో అప్పటికే సగం దారి ఇంటికి చేరిన ఉత్సాహం ఉంది.

ఆమె వెనక్కి తిరగకుండా రవిక అంచు సర్దింది. ప్లేగు గడ్డ సంగతి ఈ లోకంలో ఇప్పటికి ఇద్దరికే తెలుసు. అందులో ఒకరికి అదేమిటో తెలియదు.

బాలమణి తండ్రిని చూసింది, నర్సమ్మను చూసింది. పెద్దవాళ్ళకు ఏదో కావాలని, అది తనవల్ల ఆగిపోయిందని అనుకున్నట్టుంది. ఎడమచేయి తేలిగ్గా తల పైదాకా ఎత్తి పట్టుకుంది.

"గీ చెయ్యి లేస్తది. గిండ్ల పెట్టు" అంది.

అమృతమ్మ గాజుపుల్లను దులిపింది. పాదరసం కిందికి దిగింది.